‘ఫలానావాళ్ల చెల్లెలు’ అన్న మాట వెనక మనిషి

అమ్మా, మీ ప్రశ్న రాత్రి ఒకసారి చదివాను, పొద్దున లేచాక మళ్లీ చదివాను. మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకుంటాను.

మీ అక్క చదువులోనూ ఉద్యోగంలోనూ ఎప్పుడూ ముందే. చర్చి యూత్ మీటింగుల్లో మీ పక్కన నిలబడి పాటలు పాడిన స్నేహితురాలు ఇప్పుడు ఊరూరా తిరిగి వాక్యం చెబుతోంది. మీ వారికి ఈ మధ్యే పెద్ద ప్రమోషన్ వచ్చింది. మీరు పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఆరేళ్లయింది. సంఘంలో కొత్తవాళ్లకు మిమ్మల్ని ‘ఫలానావాళ్ల చెల్లెలు’ అనో ‘ఫలానా సార్ భార్య’ అనో పరిచయం చేస్తారు. మీరు కూడా వాళ్ల గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకున్నంతసేపు బాగుంటుంది, ఇంటికొచ్చాక లోపల ఖాళీగా ఉంటుంది. వాళ్లకు ఏదైనా మంచి జరిగిందని తెలిస్తే ముందు ఎక్కడో చురుక్కుమంటుంది, ఆ తర్వాతే ముఖం మీదికి నవ్వు వస్తుంది. “నువ్వు దేవుని కుమార్తెవి, అదే నీ గుర్తింపు” అని అందరూ చెప్పారు. అది నిజమేనని మీకూ తెలుసు, కానీ పనిచేయడం లేదు. ఇది అవిశ్వాసమా? వచ్చే నెల అక్కకు జరిగే సన్మానానికి వెళ్లాలా, ఏదో వంక చెప్పి తప్పించుకోవాలా?

సన్మానం సంగతి తేలిక, చివర్లో చెబుతాను. మిగతాది అంత తేలిక కాదు. సంఘపెద్దగా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి మాటలు వింటున్నాను. ఈ ఒక్క విషయం మీద నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువని చెబితే మీరు నమ్మకపోవచ్చు. వాళ్లు దాన్ని ‘ఆఫీసు టెన్షన్’ అంటారు, అంతే తేడా.

అవిశ్వాసం కాదు. మీరు రాసిన దాంట్లో నాకు ముందు కనపడింది వేరే. మీరు రెండు బాధలు చెప్పారు: వాళ్లను చూస్తే అసూయ, వాళ్ల పేరు చెప్పుకుంటే గర్వం. రెండూ వేరువేరు పాపాలన్నట్టు రాశారు. నా లెక్కలో రెండూ ఒకటే. నా విలువ ఎంతో చెప్పే కాగితం పక్కవాళ్ల జేబులో ఉందని నమ్మడం. ఆ కాగితం వాళ్ల దగ్గర ఉందని ఒకసారి ఏడుస్తాం, అదే కాగితాన్ని ఇంకోసారి అరువు తెచ్చుకుని నలుగురికీ చూపిస్తాం.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. మనం ఎంతవాళ్లమో తెలుసుకోవడానికి ఖచ్చితమైన కొలత దొరకనప్పుడు పక్కవాళ్లతో పోల్చుకుంటామని, అదీ మనలాంటివాళ్లతోనే పోల్చుకుంటామని లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పాడు. అందుకే ఎక్కడో ఉన్న కోటీశ్వరురాలిని చూస్తే మీకు ఏమీ అనిపించదు. ఒకే గదిలో పడుకుని పెరిగిన అక్కను చూస్తే, ఒకే పాటల పుస్తకం పట్టుకున్న స్నేహితురాలిని చూస్తే అనిపిస్తుంది. ఇక అరువు గర్వం సంగతి రాబర్ట్ చాల్డీని, ఆయన తోటివాళ్లు 1976లో తేల్చారు. ఏడు అమెరికన్ యూనివర్సిటీల్లో చూస్తే, తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారం తర్వాతి సోమవారం నాడు యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చిన విద్యార్థులు ఎక్కువగా కనిపించారు. గెలుపు గురించి అడిగితే ‘మేం గెలిచాం’ అనేవాళ్లు, ఓటమి గురించి అడిగితే ‘వాళ్లు ఓడిపోయారు’ అనేవాళ్లు ఎక్కువ. బంతిని ఒక్కసారి కూడా తాకనివాళ్లు! మనం కూడా ‘మా అక్క’ అని ఏ రోజున కాస్త గట్టిగా అంటామో గమనిస్తే నవ్వొస్తుంది.

నా సంగతి చెబుతాను, నాకేమీ గొప్పగా ఉండే కథ కాదు. నేనూ ఒక స్నేహితుడూ యూత్‌లో వారం మార్చి వారం వాక్యం చెప్పేవాళ్లం. వినేవాళ్లు మా ఇద్దరినీ ఒకేలా మెచ్చుకునేవాళ్లు, కనీసం నాకలా అనిపించేది. తర్వాత అతనికి బయటి నుంచి పిలుపులు మొదలయ్యాయి. నాకు రాలేదు. కొన్నేళ్లకు అతను మాట్లాడే ఒక పెద్ద సభకు వెళ్లాను. గేటు దగ్గర బ్యాడ్జి పెట్టుకున్న కుర్రాడు “మీరెవరండీ?” అని అడిగాడు. “ఆయన స్నేహితుణ్ణి” అన్నాను. అక్కడితో ఆపొచ్చు కదా, “చిన్నప్పటి నుంచీ” అని కూడా కలిపాను. ఆ కుర్రాడి ముఖం మారిపోయింది. నన్ను తీసుకెళ్లి రెండో వరసలో కూర్చోబెట్టాడు. నడుస్తున్నంతసేపూ వెనకున్న జనం నన్ను చూస్తున్నారా లేదా అని నేను చూసుకుంటున్నాను.

సభ మొదలైంది. అతను బాగా మాట్లాడుతున్నాడు. మధ్యలో ఒక వచనం చెబుతూ నాలుగో అధ్యాయానికి బదులు మూడో అధ్యాయం అన్నాడు. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో మీకెలా చెప్పను? ఆ హాయి సరిగ్గా అర నిమిషం ఉంది, అతను “క్షమించండి, నాలుగో అధ్యాయం” అని సరిదిద్దుకునేదాకా. వాక్యం అయిపోయింది, జనం కళ్లు తుడుచుకుంటున్నారు, అతను చెప్పింది ఒక్క ముక్క కూడా నాకు గుర్తు లేదు. గేటు దగ్గర అతని పేరు మీద బతికినవాణ్ణి, గంట తిరక్కుండా అతని తప్పు మీద బతికాను. ఆ రోజు రాత్రే మొదటిసారి భయమేసింది. నాదంటూ ఒక బతుకు లేదన్నమాట.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది, దాన్ని విడదీయకపోతే ముందుకు వెళ్లలేం. ‘గుర్తింపు’ అని ఒకే మాటతో రెండు సంగతులు చెబుతాం. సమాజం నన్ను మెచ్చుకోవడం గుర్తింపే, నేనెవరో ఒకరు గుర్తుపట్టడమూ గుర్తింపే. మీరు వెతుకుతున్నది రెండోది, ఆశిస్తున్నది మొదటిది. “క్రీస్తులో నీ గుర్తింపు” అని ఎవరైనా చెప్పినప్పుడు మీ చెవి దాన్ని చప్పట్ల లెక్కలోనే వింటోంది. ‘సరే, నాకు ఇక్కడ చప్పట్లు లేవు కాబట్టి దేవుడు చప్పట్లు కొడతాడన్నమాట’ అని. అది ఊరట మాటే గానీ ఊరట కాదు. అందుకే పనిచేయడం లేదు.

బైబిల్లో ఈ సంగతి గుర్తుపట్టడం దగ్గర మొదలవుతుంది. పౌలు గలతీయులకు రాస్తూ, మీరు దేవుణ్ణి ఎరిగినవాళ్లు అని మొదలుపెట్టి వెంటనే తన మాటను తనే దిద్దుకుంటాడు: కాదు కాదు, దేవుని చేత ఎరుగబడినవాళ్లు అని. ఆ దిద్దుబాటు నాకు చాలా ఇష్టం. పునరుత్థానం రోజు తోటలో మగ్దలేనే మరియను చూడండి. యేసు ఎదుటే ఉన్నా ఆమె ఆయన్ను పోల్చుకోలేదు, తోటమాలి అనుకుంది. ఆయన “మరియా” అన్నాడు, అప్పుడు తెలిసింది. ఆ పిలుపులో ఆమె ఎవరి భార్యో, ఎవరి అక్కో, ఏ పరిచర్య చేస్తుందో ఏమీ లేదు. పేరొక్కటే ఉంది.

యేసు బాప్తిస్మం దగ్గర ఏది ముందు జరిగిందో కూడా చూడండి. ఆకాశం నుంచి “ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను” అన్న స్వరం వచ్చేసరికి మత్తయి సువార్తలో ఆయన ఇంకా ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగిని బాగుచేయలేదు, ఒక్క శిష్యుణ్ణి పిలవలేదు. పని మొదలుకాకముందే మాట వచ్చింది. వెంటనే అరణ్యంలో శోధకుడైన సాతాను ఆ మాట మీదే దెబ్బ కొట్టాడు: “నీవు దేవుని కుమారుడవైతే...” అయితే చేసి చూపించు, రాళ్లను రొట్టెలు చెయ్యి, కిందికి దూకు. మీ లోపల ఆరేళ్లుగా వినిపిస్తున్నదీ ఆ ‘అయితే’నే. దేవుని కుమార్తెవైతే ఏదీ, చూపించడానికి ఏముంది? యేసు అక్కడ ఏమీ చేసి చూపించలేదు. ఆకలితోనే ఉండి, అప్పటికే విన్న మాట మీద నిలబడ్డాడు.

మీరు చెప్పిన ‘ఫలానావాళ్ల’ అనే మాట గురించి కొంచెం. ‘ఎవరి తాలూకు’ అని అడుగుతుంటారు కదా. ఈ కాలపు పుస్తకాలు చాలావరకు ‘నువ్వు ఎవరి తాలూకూ కాదు, నీకు నువ్వే’ అని చెబుతాయి. క్రైస్తవ విశ్వాసం అలా చెప్పదు. నువ్వు తప్పకుండా ఒకరి తాలూకేననీ, ఎవరి తాలూకన్నదే ప్రశ్న అనీ అంటుంది. విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో మొట్టమొదటి ప్రశ్నే ఇది: బతుకులోనూ చావులోనూ నీకున్న ఒకే ఒక్క ఆదరణ ఏమిటి? నేను నా సొత్తు కాను, ఒళ్లూ ఆత్మా సహా నా రక్షకుడైన యేసుక్రీస్తు సొత్తును అనే భావంతో జవాబు మొదలవుతుంది. అక్క తాలూకుగా బతికితే అక్క గెలిచిన రోజు మీరు పెద్దవారవుతారు, ఆమె పడిపోయిన రోజు చిన్నబోతారు. భర్త ఉద్యోగం పోతే మీ పేరూ పోతుంది. క్రీస్తు తాలూకుగా ఉండడంలో ఆ ఎగుడుదిగుడు లేదు, ఎందుకంటే చెల్లించాల్సిన వెల ఎప్పుడో చెల్లించేశారు. వచ్చే ఏడాది మీ పనితీరు చూసి దాన్ని సవరించరు.

ఇదంతా వినడానికి బాగుంటుంది, మంగళవారం మధ్యాహ్నం అక్క ఫొటోలు ఫోన్లో కనిపించినప్పుడు ఏమవుతుంది అంటారు. నిజమే. లేయా కథ అందుకే ఉంది. అక్క లేయా, చెల్లెలు రాహేలు ఇద్దరూ యాకోబు భార్యలే, అతను ఎక్కువ ప్రేమించింది చెల్లెలిని. ఆదికాండం 29వ అధ్యాయంలో కొడుకులకు ఆమె పెట్టిన పేర్లు వరసగా చదవండి, డైరీ చదివినట్టుంటుంది. మొదటివాడు రూబేను: యెహోవా నా శ్రమను చూశాడు, ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడు. రెండోవాడు షిమ్యోను: నేను ద్వేషించబడ్డానని ఆయన విన్నాడు. మూడోవాడు లేవి: ఈసారి నా పెనిమిటి నాతో హత్తుకుంటాడు. ముగ్గురు బిడ్డలు పుట్టినా ఆమె చూపు ఇంకా చెల్లెలి గుడారం వైపే ఉంది. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు మాత్రం భర్త ఊసే లేదు: ఈసారి యెహోవాను స్తుతిస్తాను. ఈ నాలుగో పేరు దగ్గర ఆపేసి ‘ఆమెకు విడుదల దొరికింది’ అని చెప్పే ప్రసంగాలు నేను చాలా విన్నాను, నేనూ చెప్పాను. కానీ తర్వాతి అధ్యాయం తెరవండి. అదే లేయా, అదే పోటీ. దాసిని భర్తకివ్వడం, పుత్రదాత వృక్షపు పండ్లిచ్చి భర్త కోసం చెల్లెలితో బేరం, ఆరో కొడుకు పుట్టాక కూడా ‘ఇకనైనా నాతో కాపురం చేస్తాడు’ అన్న ఆశ. ఒకసారి నిజంగా తెలుసుకున్న సత్యం కూడా మళ్లీ జారిపోతుంది. జారిపోయినందుకు లేయాను దేవుడు తీసి పక్కన పెట్టలేదు. మీరు ‘తెలుసు కానీ పనిచేయడం లేదు’ అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ అధ్యాయమే.

అసూయ గురించి అందరూ సౌలు రాజును చూపిస్తారు. స్త్రీలు శత్రువులను “సౌలు వేలకొలది, దావీదు పదివేలకొలది” చంపారని పాడారు, ఆనాటి నుంచి సౌలు చూపు మారింది. పాటలో సౌలుకు వచ్చిన ‘వేలు’ తక్కువేమీ కాదు. పక్కన ‘పదివేలు’ రావడంతో అవి సున్నా అయిపోయాయి. నాకైతే సౌలు కంటే అతని కొడుకు యోనాతాను గురించే ఎక్కువ ఆలోచించాలనిపిస్తుంది. దావీదు ఎదుగుదల వల్ల పాట కాదు, ఏకంగా సింహాసనమే పోయేది అతనికి. వారసుడు అతనే. అలాంటివాడు తన పైవస్త్రాన్ని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి గొర్రెలకాపరి చేతికిచ్చాడు. తర్వాత అడవిలో దాక్కున్న దావీదును వెతుక్కుంటూ వెళ్లి, నువ్వు రాజువవుతావు, నేను నీకు రెండోవాణ్ణవుతాను అని చెప్పాడు. బైబిల్ అక్కడ ఒక చిన్న మాట వాడింది: దేవుని బట్టి అతణ్ణి బలపరిచాడు అని. రెండో స్థానం గురించి వణుకు లేకుండా మాట్లాడగలిగాడంటే, అతనికి స్థానం కంటే ముందు ఇంకేదో దొరికి ఉండాలి. చివరికి ఆ రెండో స్థానం కూడా అతనికి రాలేదు, గిల్బోవ యుద్ధంలో తండ్రితో పాటే చనిపోయాడు. ఇది చెప్పకుండా వదిలేస్తే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఎందుకంటే ఇక్కడే మన సంఘాల్లో ఒక పొరపాటు జరుగుతోంది, ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. బాధపడుతున్నవాళ్ల భుజం మీద చెయ్యి వేసి “దిగులుపడకు, దేవుడు నీకోసం ఇంకా పెద్దది దాచాడు” అంటాం. ఇది ఓదార్పులా ఉంటుంది కానీ మనిషిని అదే పరుగులోకి మళ్లీ తోస్తుంది. ఇంకా పెద్దది రాకపోతే? వచ్చినా, పక్కింటివాళ్లకు అంతకంటే పెద్దది వస్తే? వేదిక మీద సాక్ష్యాలు కూడా గెలిచినవాళ్లవే వింటాం: ఉద్యోగం వచ్చింది, సీటు వచ్చింది, ఇల్లు కట్టాం. రానివాళ్లు మైకు దగ్గరికి రారు, మనం పిలవం. అలా రెండేళ్లు కూర్చుంటే దేవుడి దగ్గర కూడా ర్యాంకులు ఉన్నాయని ఎవరికైనా అనిపిస్తుంది. పరిచర్య ఫలం సైతం దీనికి మినహాయింపు కాదు. పంపిన శిష్యులు తిరిగొచ్చి, నీ పేరు చెబితే దయ్యాలు కూడా లోబడుతున్నాయి అని సంబరపడితే, యేసు వాళ్ల సంబరాన్ని పక్కకు తిప్పాడు: దానికి కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు. మీ స్నేహితురాలికి కూడా ఈ వచనం అవసరమే. వేదిక మీద ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఉండదనుకోకండి.

ఇక చేయాల్సిన పనుల విషయానికొస్తే, నాకు పనికొచ్చినవే చెబుతాను.

అసూయను మర్యాదగా మార్చి ప్రార్థన చేయడం మానేయండి. “ప్రభువా, అక్కను బట్టి స్తోత్రం” అని పెదాలతో అంటూ లోపల పళ్లు నూరుకుంటే ఆ ప్రార్థన ఎక్కడికీ వెళ్లదు. 73వ కీర్తనలో ఆసాపు తాను మత్సరపడ్డానని తిన్నగా ఒప్పుకున్నాడు, నీ సన్నిధిలో మృగంలా ప్రవర్తించానని కూడా అన్నాడు. ఆ తర్వాతి మాటే, అయినా నేను ఎప్పుడూ నీ దగ్గరే ఉన్నాను, నా కుడిచెయ్యి నువ్వు పట్టుకున్నావు అని. మృగంలా ఉన్నప్పుడు కూడా చెయ్యి వదల్లేదన్నమాట. సభ నుంచి వచ్చిన రాత్రి నేను చేసిన ప్రార్థన ఒక్క వాక్యమే: “అతను తప్పు చదివితే సంతోషించాను.” అంతకంటే మాట రాలేదు. దాని తర్వాత కొన్ని నెలలు అతని పేరు నా ప్రార్థన నోటుబుక్కులో రాసుకుని, అతనికి ఏం కావాలో అడిగి తెలుసుకుని మరీ ప్రార్థించాను. అడిగితే తెలిసింది, అతను నిద్రమాత్ర లేకుండా పడుకోలేకపోతున్నాడని. నేను అసూయపడింది పోస్టర్ మీద ఉన్న మనిషిని. పోస్టర్‌కు ఎవరూ ప్రార్థన చేయలేరు కదా.

ఎవరికీ తెలియని పని ఒకటి పెట్టుకోండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటను మనం దానం గురించే అనుకుంటాం, ఇది గుర్తింపుకూ మందే. నాకు దొరికిన పని, ఆరాధన అయ్యాక పాటల పుస్తకాల్లో చిరిగిన పేజీలు అంటించడం. అందరూ వెళ్లాక ఒక మూల కూర్చుని చేసేవాణ్ణి. మొదటి రెండు మూడు వారాలు ఎవరైనా చూస్తే బాగుండునని తలుపు వైపే చూశాను, దాచడమెందుకు. తర్వాత చూడ్డం తగ్గింది.

ఫోన్ సంగతి మీకే తెలుసు. అక్కను, స్నేహితురాలిని కొన్నాళ్లు మ్యూట్‌లో పెట్టడం ద్వేషం కాదు. ఫొటోలు చూడ్డం బదులు వారానికొకసారి ఫోన్ చేసి గొంతు వినండి. పోలిక ఫొటోతో పెరిగినంతగా గొంతుతో పెరగదు.

క్రీస్తులో గుర్తింపు అంటే ఆశలన్నీ చంపుకోవాలని మాత్రం అనుకోకండి. మీరు మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు, అకౌంట్స్ కోర్సు చేయాలనుంది కానీ ‘ఇప్పుడు ఎవరికి చూపించడానికి’ అనిపిస్తోందని. ఎవరికీ చూపించాల్సిన పని లేనప్పుడే అది చేయడానికి మంచి సమయం. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో, రక్షణ మన క్రియల వల్ల కలగలేదని చెప్పిన వెంటనే, దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని ఉంది. మీ పేరు కోసం కాదని తేలిపోయాక పని తేలికవుతుంది. కోర్సులో చేరండి. మార్కులు తక్కువొచ్చినా మీరు ఎవరో మారదు, ఎక్కువొచ్చినా మారదు.

ఇంట్లోవాళ్లు చిన్నప్పటి నుంచి మిమ్మల్ని అక్కతో పోల్చి ఉంటే, అది వాళ్లు చేసిన తప్పే. క్షమించడం అంటే అది జరగలేదని అనుకోవడం కాదు. అమ్మకో నాన్నకో మెల్లగా “నన్ను అక్క పక్కన పెట్టి మాట్లాడొద్దు, నాకు కష్టంగా ఉంది” అని చెప్పవచ్చు. చెబితే వాళ్లు నొచ్చుకోవచ్చు, చెప్పండి. అలాగే నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే ఒక మంచి కౌన్సెలర్‌ను గానీ డాక్టర్‌ను గానీ కలవండి. ప్రార్థన చేసేవాళ్లు మందు వేసుకోకూడదని ఎక్కడా లేదు.

ఒక మనిషిని గుర్తు చేసుకోవాలనిపిస్తోంది. జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బాన్‌హోఫర్ 1944లో బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో ఉండగా ‘నేనెవరిని?’ అని ఒక కవిత రాశాడు. చుట్టూ ఉన్నవాళ్లు తనను ఎంతో ధైర్యవంతుడని అంటారు, లోపల చూసుకుంటే పంజరంలో పక్షిలా అల్లాడిపోయే మనిషి కనిపిస్తాడు, ఈ ఇద్దరిలో నేనెవరిని అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు అతను జవాబు తేల్చలేదు. నేను ఎవరినైనా కానీ, నేనెవరినో నీకు తెలుసు, దేవా, నేను నీవాణ్ణి అన్న భావంతో ముగించాడు. మరుసటి ఏడు ఏప్రిల్లో ఉరితీశారు. తన గురించి తనకే తేలని రోజున కూడా మనిషి నిలబడడానికి చోటు ఉంటుందని నాకు ఆ కవిత వల్ల తెలిసింది. ‘నేను దేవుని కుమార్తెనని నాకు అనిపించడం లేదు’ అని మీరు రాశారు కదా. అనిపించడం మీద అది ఆధారపడి లేదు.

పోలిక విషయంలో పేతురు పడిన చీవాటు కూడా చెప్పి సన్మానం సంగతికి వస్తాను. యేసు అతనితో, వృద్ధాప్యంలో నీ చేతులు చాపుతావు, నీకిష్టం లేని చోటికి నిన్ను మోసుకెళ్తారు అని అతను ఎలా చనిపోతాడో చెప్పాడు. విన్న వెంటనే పేతురు చేసిన మొదటి పని, వెనక్కి తిరిగి యోహానును చూసి, ఇతని సంగతి ఏమిటి అని అడగడం. తన చావు గురించి విన్నాక కూడా పక్కవాడి వాటా ఎంతో తెలుసుకోవాలనిపించింది పాపం! యోహానుకు ఏమవుతుందో యేసు తేల్చి చెప్పలేదు. “అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము” అన్నాడు. కసురుకున్నట్టే ఉంటుంది, కానీ ఆ చీవాటులో ‘నీవు’, ‘నన్ను’ అని ఇద్దరే మిగిలారు. మీకు అక్క వార్త వచ్చి చురుక్కుమన్న క్షణంలో వేరే వచనాలు వెతక్కుండా ఈ ఒక్కదాన్ని గుర్తు చేసుకోండి. నాకు కొన్నిసార్లు పనిచేస్తుంది. కొన్నిసార్లు సాయంత్రానికి పనిచేస్తుంది.

సన్మానానికి వెళ్లండి. వంక చెప్పి ఇంట్లో కూర్చుంటే ఆ రెండు గంటలూ మీ మనసు ఎలాగూ అక్కడే ఉంటుంది. ముందు వరసలో కూర్చోమంటే కూర్చోండి, వద్దనుకుంటే వెనక కూర్చోండి, దాన్ని పెద్ద విషయం చేయకండి. చప్పట్లు కొట్టేటప్పుడు లోపల చురుక్కుమంటే అననివ్వండి, చేతులు ఆపకండి. ఎవరైనా వచ్చి “మీరు ఆవిడ చెల్లెలా?” అంటే “అవును” అనండి, ఎందుకంటే అది నిజం, దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు. తర్వాత మీ పేరు చెప్పండి. మనలాంటివాళ్లు అవును దగ్గరే ఆగిపోతాం, పేరు చెప్పం. చెప్పాక వాళ్ల పేరు అడగండి.

కిందటి ఏడాది నేను మళ్లీ ఆ స్నేహితుడి సభకు వెళ్లాను. గేటు దగ్గర వేరే కుర్రాడు, అదే ప్రశ్న. నా పేరు చెప్పాను. లిస్టు చూసి, “మీ పేరు లేదండీ, వెనక కూర్చోండి” అన్నాడు. వెనక ఒక పెద్దావిడ పక్కన చోటు దొరికింది. ఆవిడకు కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయిన ఇబ్బంది. వచనాలు వచ్చినప్పుడల్లా నేను మెల్లగా చదివి వినిపించాను. అందువల్ల ఆ రోజు అతను చెప్పిన వాక్యం నాకు మొదటి నుంచి చివరిదాకా గుర్తుంది.